అధిక రక్తపోటుకు కారణమైన జన్యువుల వేట: ఇంతవరకు తేలిందేమిటి?

వేణువు (చర్చ ప్రారంభించినవారు)

అధిక రక్తపోటు కుటుంబాల్లో తరతరాలుగా వస్తుందన్న మాటను ఎవరూ కాదనరు. డాక్టరు దగ్గరికి వెళ్తే అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో "మీ ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా" అన్నది తప్పకుండా ఉంటుంది. అయినా సికిల్ సెల్ వ్యాధికీ, హీమోఫీలియాకీ ఫలానా జన్యువు కారణమని వేలెత్తి చూపినట్లు రక్తపోటు విషయంలో ఎవరూ చూపలేకపోతున్నారు. రక్తపోటుతో సంబంధమున్న జన్యుస్థానాలు (డీఎన్ఏ మీది చోట్లు) వెయ్యి దాటాయని ఒకచోట చదివాను. అవన్నీ కలిసినా మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో చిన్న భాగాన్నే వివరిస్తాయని మరొకచోట చదివాను. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో, అసలు ఈ వేట ఏ దారుల్లో సాగిందో, దానివల్ల చేతికి వచ్చిందేమిటో తెలిసినవారు రాయగలరు. డిగ్రీలో జీవశాస్త్రం చదివాను కాబట్టి మరీ ప్రాథమిక విషయాలు వదిలేసినా ఫర్వాలేదు.

సంఖ్యాశాస్త్రి

వేణువు గారూ, మీరు అడిగిన దానికి మూలం డీఎన్ఏ నిర్మాణం తెలియక ముందే మొదలైన ఒక తగవులో ఉంది. 1940ల చివరి నుంచి 1960ల దాకా బ్రిటన్‌లో రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ అనే ఇద్దరు పెద్ద వైద్యులు వైద్య పత్రికల్లో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అధిక రక్తపోటు ఒక ప్రత్యేకమైన వ్యాధి అనీ, అది ఒకే ఒక్క ప్రబల జన్యువు వల్ల వస్తుందనీ, అందువల్ల జనాన్ని కొలిస్తే జబ్బున్నవారు ఒక గుంపుగా, లేనివారు ఒక గుంపుగా విడిపోతారనీ ప్లాట్ వాదన. జనాభాలో రక్తపోటు ఎత్తులాగా ఎక్కడా తెగకుండా అటునుంచి ఇటు పరుచుకుని ఉంటుందనీ, "ఇక్కడి నుంచి జబ్బు" అని గీత గీసేది మనమే తప్ప ప్రకృతి కాదనీ, దాని వెనుక అనేక జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయనీ పికరింగ్ వాదన. సాధారణంగా కనిపించే రక్తపోటు విషయంలో పికరింగ్ చెప్పిందే నిలబడింది. అయితే ప్లాట్‌ను పూర్తిగా తీసిపారేయడానికి వీల్లేదు. ఒకే జన్యువు చెడి రక్తపోటు పెరిగే కుటుంబాలు అరుదుగానైనా నిజంగానే ఉన్నాయి. ఆ సంగతి నెఫ్రాన్ గారు నాకన్నా బాగా చెప్పగలరు.

ఇక వారసత్వం వాటా. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన అధ్యయనాలను బట్టి రక్తపోటులో మనుషుల మధ్య ఉన్న తేడాలో సుమారు 30 నుంచి 50 శాతం జన్యుపరమైనదని అంచనా. ఒకే ఇంట్లో, ఒకే వంటతో పెరిగినా దత్తత పిల్లల రక్తపోటు పెంచిన తల్లిదండ్రులతో అంతగా పోలలేదు, కన్నపిల్లలది మాత్రం పోలింది. ఇక్కడొక జాగ్రత్త అవసరం. "40 శాతం వారసత్వం" అంటే మీ రక్తపోటులో 40 శాతం మీ తల్లిదండ్రులు ఇచ్చారని కాదు. ఒక జనసమూహంలో కనిపించే వ్యత్యాసానికి సంబంధించిన అంకె అది. ఒక వ్యక్తికి వర్తించదు.

నెఫ్రాన్

నేను కిడ్నీ వైద్యంలో ఉన్నాను కాబట్టి ఒకే జన్యువు కథతో మొదలుపెడతాను. నా ఉద్దేశంలో ఈ రంగంలో అనుమానానికి తావులేని విజయం ఇక్కడే దక్కింది.

1963లో గ్రాంట్ లిడిల్ అనే అమెరికన్ వైద్యుడు ఒక కుటుంబాన్ని వర్ణించాడు. చిన్న వయసులోనే తీవ్రమైన రక్తపోటు, రక్తంలో పొటాషియం తక్కువ. ఈ లక్షణాలు చూస్తే ఎవరైనా, మూత్రపిండం ఉప్పును నిలుపుకునేలా చేసే ఆల్డోస్టిరాన్ అనే హార్మోను ఎక్కువైందని అనుకుంటారు. కొలిచి చూస్తే ఆ హార్మోను దాదాపు లేనే లేదు. ఆల్డోస్టిరాన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ మందు పనిచేయలేదు కానీ, మూత్రపిండ నాళికల్లో సోడియం ప్రవేశాన్ని నేరుగా ఆపే మందు పనిచేసింది. దోషం హార్మోనులో లేదని, మూత్రపిండంలోనే ఉందని లిడిల్ అప్పుడే ఊహించాడు. ఆ మొదటి రోగికి కాలక్రమంలో మూత్రపిండాలు పాడై 1989లో మార్పిడి జరిగింది. కొత్త మూత్రపిండంతో ఆ లక్షణాలన్నీ సర్దుకున్నాయి. జన్యువు దొరకకముందే దాని చిరునామా దొరికిందన్నమాట.

1994లో రిచర్డ్ లిఫ్టన్ బృందం దోషాన్ని పట్టుకుంది. మూత్రపిండ నాళికల చివరి భాగంలో కణపొర మీద సోడియంను లోపలికి తీసుకునే ఒక మార్గం ఉంటుంది. దానిలోని ప్రోటీను తోకలో చిన్న గుర్తు ఉంటుంది. మరో ప్రోటీను ఆ గుర్తును పట్టుకుని, పాతబడిన మార్గాలను పొర నుంచి తీసేస్తుంది. లిడిల్ కుటుంబంలో ఆ తోక తెగిపోయింది. గుర్తు లేదు కాబట్టి తీసేసేవారు లేరు, మార్గాలు పొర మీదే పేరుకుపోయాయి, సోడియం ఆగకుండా లోపలికి వస్తూనే ఉంది. సోడియం వెంట నీరు, నీటి వెంట రక్తపోటు.

అంతకు రెండేళ్ల ముందు, 1992లో, అదే బృందం ఇంకొక వింతను కనిపెట్టింది. ఎనిమిదో క్రోమోజోమ్ మీద పక్కపక్కన, దాదాపు ఒకేలా ఉండే రెండు జన్యువులున్నాయి. ఒకటి కార్టిసాల్ అనే మరో హార్మోను తయారీకి, మరొకటి ఆల్డోస్టిరాన్ తయారీకి. కణ విభజన సమయంలో ఇవి సరిగ్గా జతపడక రెండూ కలిసిన సంకర జన్యువు పుట్టిన కుటుంబాల్లో, కార్టిసాల్‌ను నడిపించే సంకేతానికి ఆల్డోస్టిరాన్ తయారవుతుంది. ఈ కుటుంబాల్లో చిన్న వయసులోనే మెదడులో రక్తస్రావం జరిగిన సందర్భాలు ఎక్కువ. సాధారణ బీపీ మందులకు అంతగా లొంగని ఈ జబ్బుకు తక్కువ మోతాదు స్టెరాయిడ్ మందే చికిత్స. 2001లో, రక్తపోటు పెరిగే మరో వంశపారంపర్య జబ్బు గోర్డాన్ సిండ్రోమ్‌కు డబ్ల్యూఎన్‌కే1, డబ్ల్యూఎన్‌కే4 అనే జన్యువులు దొరికాయి. అందులో పొటాషియం పెరుగుతుంది, ఉప్పును మూత్రంలో బయటికి పంపే థయాజైడ్ మాత్రలు అద్భుతంగా పనిచేస్తాయి.

వీటిని వరసగా చూస్తే కొట్టొచ్చినట్లు కనిపించేది ఒకటే: దాదాపు అన్నీ మూత్రపిండం ఉప్పును ఎంత నిలుపుకుంటుందన్న దగ్గరే కలుస్తాయి. తిరగేసి చూసినా అంతే. ఉప్పును అతిగా పోగొట్టే బార్టర్, గిటెల్‌మన్ సిండ్రోమ్‌లలో రక్తపోటు తక్కువగా ఉంటుంది. ఒక మినహాయింపు చెప్పాలి. పొట్టి వేళ్లతో పాటు తీవ్రమైన రక్తపోటు వచ్చే ఒక టర్కీ కుటుంబాన్ని 1973లో వర్ణించారు. దాని కారణం పీడీఈ3ఏ జన్యువులో ఉందని 2015లో గానీ తేలలేదు. ఆ దోషం ప్రధానంగా రక్తనాళాల కండరంలో ఉంటుంది, ఉప్పుతో దానికి సంబంధం లేదు.

సందేహి

నెఫ్రాన్ గారూ, మీరు చెప్పిన కుటుంబాలు లక్షల్లో ఒకటి. బీపీ ఉన్నవారు ప్రపంచంలో వంద కోట్లకు పైనే. ఈ అరుదైన కథలతో మిగిలినవారికి ఒరిగేదేమిటి?

ఇంకొక మాట. లాలాజలం పంపితే జన్యు నివేదిక ఇస్తామన్న ఒక సంస్థకు డబ్బు కట్టాను. అందులో ఆంజియోటెన్సినోజెన్, ఏసీఈ అనే రెండు జన్యువుల్లో నాకు "ప్రమాదకర రకం" ఉందని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. నా బీపీ మాత్రం ఇప్పటిదాకా 120 దాటలేదు. ఈ నివేదికను నమ్మాలా?

పిపెట్

సందేహి గారి నివేదికలో ఉన్న రెండు పేర్లూ వింటే ఆశ్చర్యం కలగలేదు; అవి 1990ల నాటి పేర్లు. ప్రయోగశాలలో పనిచేసేదాన్ని కాబట్టి ఆ కాలపు ఆలోచన ఎలా ఉండేదో చెబుతాను.

రక్తపోటును నియంత్రించే వ్యవస్థల్లో అందరికీ బాగా తెలిసినది రెనిన్, ఆంజియోటెన్సిన్ వ్యవస్థ, అంటే రక్తనాళాలను బిగించి, ఉప్పును నిలిపే హార్మోన్ల గొలుసు. కాబట్టి అందులోని జన్యువులనే ముందుగా అనుమానించి, రోగుల్లోనూ ఆరోగ్యవంతుల్లోనూ పోల్చి చూశారు. 1992లో అమెరికాలోని యూటా, ఫ్రాన్స్‌లోని పారిస్ నుంచి రక్తపోటు ఉన్న తోబుట్టువుల జంటలను పరీక్షించి, ఆంజియోటెన్సినోజెన్ జన్యువులో 235వ స్థానంలో మెథియోనిన్ బదులు థ్రియోనిన్ ఉండే రకానికి రక్తపోటుతో సంబంధముందని ప్రకటించారు. మంచి పరిశోధనే. ఆ తరువాత వచ్చిన పదుల కొద్దీ చిన్న అధ్యయనాల్లో కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి.

ఏసీఈ కథ ఇంకా ఆసక్తికరం. ఆ జన్యువులో ఒక చిన్న డీఎన్ఏ ముక్క కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఆ జన్యువు నుంచి తయారయ్యే ఏసీఈ ఎంజైము రక్తంలో ఉండే పరిమాణంలో మనుషుల మధ్య ఉన్న తేడాలో దాదాపు సగం ఈ ఒక్క ముక్కతోనే ముడిపడి ఉందని 1990లోనే తేలింది. ఇంత బలమైన ప్రభావం చూసి రక్తపోటు మీద కూడా అంతే ఉంటుందని అందరూ ఆశించారు, కానీ అది నిలకడగా కనిపించలేదు. ఎందుకంటే ఒక ఎంజైము కాస్త పెరిగితే శరీరం రెనిన్‌ను తగ్గించి సర్దుకుంటుంది. ఒక రసాయనం పరిమాణాన్ని మార్చే జన్యువు రక్తపోటును కూడా మార్చి తీరుతుందన్న నమ్మకం అక్కడ దెబ్బతింది.

చిన్న నమూనాలు, వేర్వేరు వంశమూలాలున్న జనాన్ని కలిపేయడం, ఔనన్న ఫలితాలే అచ్చుకు వెళ్లడం, ఇవన్నీ కలిసి ఆ దశాబ్దపు ఫలితాలను చాలావరకు చెల్లని కాసులు చేశాయి. మీ నివేదికకు ఆధారం ఆ కాసులే. ఆ ఎర్ర అక్షరాలను పక్కన పెట్టవచ్చు.

సంఖ్యాశాస్త్రి

పిపెట్ గారు ఆపిన చోటి నుంచి అందుకుంటాను. ముందుగా ఎవరినీ అనుమానించకుండా మొత్తం జీనోమ్‌ను గాలిద్దామన్నది తరువాతి ఆలోచన. తోబుట్టువులిద్దరికీ తీవ్రమైన రక్తపోటు ఉంటే వారిద్దరూ ఏ క్రోమోజోమ్ ముక్కలను మామూలుకన్నా ఎక్కువగా పంచుకున్నారో చూడటం ఒక పద్ధతి. బ్రిటన్‌లో బ్రైట్ అధ్యయనం రెండు వేలకు పైగా అలాంటి జంటలతో ఈ పని చేసి 2003లో ఫలితాలు ఇచ్చింది. కొన్ని ప్రాంతాలు సూచనప్రాయంగా కనిపించాయి, జన్యువు మాత్రం చేతికి చిక్కలేదు. ఒక్కో జన్యువు ప్రభావం చాలా చిన్నదైనప్పుడు ఈ పద్ధతికి అందదు.

తరువాత సమస్త జీనోమ్ అన్వేషణ, అంటే మనం పొడి అక్షరాల్లో జీవాస్ అని పిలిచేది వచ్చింది. లక్షల స్థానాల్లో డీఎన్ఏ అక్షరం ఏదో చదివి, ఆ అక్షరాన్ని బట్టి రక్తపోటు సగటు మారుతోందా అని ఒక్కో స్థానంలో లెక్క కడతారు. ఇన్ని లక్షల పరీక్షలు చేస్తే కేవలం యాదృచ్ఛికంగానే వేల కొద్దీ "సంబంధాలు" బయటపడతాయి. అందుకే ఒక సంబంధం యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత 0.00000005 కన్నా తక్కువైతేనే లెక్కలోకి తీసుకోవాలన్న కఠినమైన నియమం పెట్టుకున్నారు.

2007లో వెల్‌కమ్ ట్రస్ట్ సమాఖ్య ఏడు జబ్బులను ఒకేసారి పరిశీలించింది. ఒక్కో జబ్బుకు సుమారు 2,000 మంది రోగులు, అందరికీ ఉమ్మడిగా 3,000 మంది సాధారణ వ్యక్తులు. మధుమేహం, క్రోన్స్ వ్యాధి (పేగుల వాపు) వంటి వాటికి స్పష్టమైన స్థానాలు దొరికాయి. అధిక రక్తపోటుకు మాత్రం ఒక్కటీ దొరకలేదు. పోలికకు తీసుకున్న ఆ 3,000 మందిలోనూ బీపీ ఉన్నవారు చాలామందే ఉండి ఉంటారు కదా, అందువల్ల తేడా మసకబారడం ఒక కారణం. అసలు కారణం ప్రభావాలు మరీ చిన్నవి కావడం.

2009లో రెండు అంతర్జాతీయ బృందాలు చెరి ముప్పై వేల మందికి అటూ ఇటుగా నమూనాలు కూడగట్టి, ఒకరి ఫలితాలను ఒకరు సరిచూసుకున్నాక తొలిసారిగా పది పైచిలుకు నికరమైన స్థానాలు దొరికాయి. 2011లో రెండు లక్షల మందితో ఆ సంఖ్య 29కి చేరింది. 2018లో పది లక్షల మందికి పైగా డేటాతో 901 అయింది. 2024లో వచ్చిన విశ్లేషణ 2,103 స్వతంత్ర సంకేతాలను లెక్కించింది.

వేణువు గారి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఒక్కో జన్యు రకం మార్చేది సిస్టాలిక్ పీడనంలో (బీపీ కొలతలోని పై అంకెలో) మహా అయితే ఒక మిల్లీమీటరు, చాలా వాటి విషయంలో అందులో సగమో పావో. 2018 నాటి 901 స్థానాలూ కలిపి వివరించగలిగింది వ్యత్యాసంలో 5.7 శాతం మాత్రమే. స్థానాలు వెయ్యి దాటాయన్నదీ నిజమే, అవి చెప్పగలిగింది కొంచెమే అన్నదీ నిజమే. పికరింగ్ బతికి ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాదు.

కవల

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మేమిద్దరం అక్కచెల్లెళ్లం, ఏకరూప కవలలం. మా అక్కకు ముప్పైల్లోనే బీపీ వచ్చింది, మూడు రకాల మందులు వాడుతున్నా అదుపులో ఉండటం లేదు. నాకు ఇప్పటికీ మామూలుగానే ఉంది. డీఎన్ఏ ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎలా వస్తుంది? అలాగే పది లక్షల మందిని కొలిచారంటున్నారు, వారిలో మా అక్కలా మందులు వాడుతున్నవారి బీపీ తగ్గి కనిపిస్తుంది కదా, దాన్ని ఎలా లెక్కలోకి తీసుకున్నారు?

సంఖ్యాశాస్త్రి

కవల గారూ, మీ రెండో ప్రశ్న చాలామందికి తట్టని ప్రశ్న. మందులు వాడేవారిని తీసేస్తే రక్తపోటు బాగా ఎక్కువున్నవారినే తీసేసినట్లవుతుంది. వారి కొలతను ఉన్నదున్నట్లు తీసుకుంటే జబ్బున్నవారు ఆరోగ్యవంతుల్లా కనిపిస్తారు. అందువల్ల మందులు వాడేవారి సిస్టాలిక్ కొలతకు 15, డయాస్టాలిక్ (కింది అంకె) కొలతకు 10 మిల్లీమీటర్లు కలిపి లెక్కించడం ఈ అధ్యయనాల్లో ఆనవాయితీ. ఇది ముతక పద్ధతే. ఒక మందు వాడేవారికీ, మీ అక్కగారిలా మూడు వాడేవారికీ ఒకే అంకె కలపడం అన్యాయంలా కనిపిస్తుంది. అయినా ఏమీ చేయకుండా వదిలేయడం కన్నా, మందులవారిని తొలగించడం కన్నా ఇదే నయమని గణాంక పరీక్షల్లో తేలింది.

కొలతకు వేరే చిక్కులు కూడా ఉన్నాయి. ఎత్తు పొద్దునా సాయంత్రం దాదాపు ఒకటే. రక్తపోటు నిమిషానికోలా ఉంటుంది. డాక్టరును చూడగానే పెరిగేవారున్నారు, కొలిచేటప్పుడు చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే అంకె పెరుగుతుంది. ఒక్క రోజు తీసిన రెండు కొలతల్లో అర మిల్లీమీటరు జన్యు ప్రభావాన్ని వెతకాలంటే, ఆ గందరగోళాన్ని చదును చేయడానికి లక్షల మనుషులు కావలసిందే. చాలా అధ్యయనాల్లో బరువును కూడా లెక్కల్లో సర్దుబాటు చేశారు. కానీ బరువు ద్వారా రక్తపోటును పెంచే జన్యువులు దానివల్ల మరుగున పడిపోతాయి, కొన్నిసార్లు లేని సంబంధాలు ఉన్నట్లు కూడా కనిపిస్తాయి. దాని మీద మాలో మాకే ఏకాభిప్రాయం లేదు.

మొదటి ప్రశ్నను నెఫ్రాన్ గారికి వదిలేస్తాను.

పిపెట్

ఒక స్థానం దొరకడం వేరు, జన్యువు దొరకడం వేరు. ఈ తేడా పత్రికా వార్తల్లో ఎప్పుడూ కలిసిపోతుంది. దొరికిన స్థానాల్లో అధికభాగం ప్రోటీనును నిర్దేశించని డీఎన్ఏలో ఉన్నాయి. పక్కనున్న ఏ జన్యువును, ఏ అవయవంలో, ఎప్పుడు ఎక్కువతక్కువలు చేస్తున్నాయో తేల్చడానికి ఒక్కో దానికి ఏళ్లు పడుతుంది. బాగా తేలిన రెండు మూడు ఉదాహరణలు చెబుతాను.

గుండె కండరం సాగినప్పుడు విడుదలయ్యే ఏఎన్‌పీ అనే హార్మోను ఉప్పును బయటికి పంపి రక్తపోటును తగ్గిస్తుంది. దాని జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ తోక భాగంలో ఒక స్థానంలో చాలామందికి 'ఏ' (A) అక్షరం, కొద్దిమందికి 'జీ' (G) అక్షరం ఉంటుంది. 'ఏ' అక్షరం ఉన్నచోట మైక్రోఆర్ఎన్ఏ-425 అనే చిన్న అణువు వచ్చి అతుక్కుని హార్మోను తయారీని అణిచేస్తుంది. జీ ఉంటే అతుక్కోలేదు. అందువల్ల జీ ఉన్నవారిలో హార్మోను ఎక్కువ, రక్తపోటు సుమారు ఒక మిల్లీమీటరు తక్కువ. ఒక్క అక్షరం నుంచి రక్తపోటు దాకా గొలుసు మొత్తం కళ్లకు కట్టిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి.

రెండోది యూరోమాడ్యులిన్. మూత్రంలో అత్యధికంగా ఉండే ఈ ప్రోటీను మూత్రపిండ నాళికలో ఒకే భాగంలో తయారవుతుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ మాత్ర పనిచేసేది కూడా సరిగ్గా అక్కడే. ఈ జన్యువు ముందుభాగంలోని ఒక రకానికి రక్తపోటుతో సంబంధముందని 2010లో తేలింది. ఎలుకల్లో ఈ ప్రోటీనును ఎక్కువగా తయారయ్యేలా చేస్తే ఉప్పుకు స్పందించే రక్తపోటు వచ్చిందనీ, ఆ ప్రమాదకర రకం రెండు ప్రతులూ ఉన్న మనుషులు ఫ్యూరోసెమైడ్‌కు ఎక్కువగా స్పందించారనీ 2013లో చూపించారు. నెఫ్రాన్ గారి అరుదైన కుటుంబాలకూ, సామాన్య జనానికీ మధ్య వంతెన ఇక్కడ కనిపిస్తుంది: దారి వేరైనా మళ్లీ ఉప్పు దగ్గరికే వచ్చాం.

మూడోది మోసపు ఉదాహరణ. ఆరో క్రోమోజోమ్ మీద ఒక స్థానం ఫ్యాక్టర్1 (PHACTR1) అనే జన్యువు లోపల ఉంది కాబట్టి అందరూ ఆ జన్యువునే అనుమానించారు. 2017లో కణాల్లో ఆ అక్షరాన్ని మార్చి చూస్తే, అది సుమారు ఆరు లక్షల అక్షరాల దూరంలో ఉన్న, రక్తనాళాల మీద పనిచేసే ఎండోథెలిన్ అనే పదార్థపు జన్యువును నియంత్రిస్తోందని తేలింది. అదే అక్షరం ఒక రూపంలో గుండె ధమనుల జబ్బును పెంచుతూ, మైగ్రేన్‌ను, రక్తపోటు ముప్పును తగ్గిస్తుంది. "మంచి జన్యువు, చెడ్డ జన్యువు" అని మాట్లాడేవారికి దీన్ని చూపించాలి.

సందేహి

వివరాలు బాగున్నాయి, ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఒక మిల్లీమీటరు! కుర్చీలో సరిగా కూర్చోకపోతే అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. ఉప్పు తగ్గిస్తే నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గుతుందంటారు. మాత్రలన్నీ జన్యువులతో పనిలేకుండానే వచ్చాయి. ఇన్ని కోట్లు ఖర్చు పెట్టి ఇన్ని లక్షల మందిని పరీక్షించడం దేనికి?

నెఫ్రాన్

సందేహి గారి మాటలో ఒక నిజం ఉంది. థయాజైడ్‌లు 1950ల నాటివి. ఏసీఈ నిరోధకాల్లో (ఆ ఎంజైమును అడ్డుకునే మందుల్లో) నోటితో తీసుకోగలిగిన మొదటిదైన క్యాప్టోప్రిల్‌కు దారి చూపింది బ్రెజిల్‌లోని ఒక పాము విషం. జన్యుశాస్త్రం ఈ మందులు ఎందుకు పనిచేస్తాయో తరువాత వివరించింది తప్ప, వాటిని కనిపెట్టలేదు. ఈ విషయంలో జన్యు పరిశోధకులు కొన్నిసార్లు తమది కాని గొప్ప కూడా చెప్పుకుంటారని నా అభిప్రాయం.

అయితే జన్యు రకం ప్రభావం చిన్నదైనంత మాత్రాన ఆ జన్యువు ప్రాముఖ్యం చిన్నది కాదు. ప్రకృతి ఆ జన్యువును కొద్దిగా కదిలించింది కాబట్టి ఒక మిల్లీమీటరు మారింది. మందు దాన్ని పూర్తిగా ఆపగలిగితే మార్పు చాలా పెద్దదవుతుంది. మీ నివేదికలోని ఆంజియోటెన్సినోజెన్‌నే తీసుకోండి. జోస్యం చెప్పడానికి అది పనికిరాలేదు. మందుకు లక్ష్యంగా మాత్రం పనికివస్తోంది. కాలేయంలో దాని తయారీని ఆర్ఎన్ఏ స్థాయిలోనే ఆపే జిలెబెసిరాన్ అనే ఇంజెక్షన్, ఒక్క మోతాదుతో నెలల తరబడి రక్తపోటును తగ్గించిందని 2023లో తొలిదశ ప్రయోగ ఫలితాలు వచ్చాయి. ఇంకా ప్రయోగాల్లోనే ఉంది కాబట్టి అంతకుమించి చెప్పను.

ఇంకొకటి. 2008లో లిఫ్టన్ బృందమే, సాధారణ జనాభాలో బార్టర్, గిటెల్‌మన్ జన్యువుల్లో ఒక్క ప్రతి మాత్రమే చెడినవారిని వెతికింది. వారు రోగులు కారు, తమలో ఆ మార్పు ఉందని కూడా వారికి తెలియదు. వారి రక్తపోటు మాత్రం తోటివారికన్నా తక్కువగా ఉంది. కాబట్టి "లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు" అని మీరు పక్కన పెట్టిన ఆ జన్యువులే మామూలు మనుషుల్లోనూ పనిచేస్తున్నాయి.

వేణువు

చాలా విషయాలు స్పష్టమయ్యాయి. ఇంకొక సందేహం మిగిలింది. ఒక్కో రకం ప్రభావం చిన్నదే అయినా, వేల రకాలను కలిపి ఒక్కో మనిషికి ఒక మొత్తం అంకె కట్టవచ్చు కదా? దాన్ని బట్టి ముప్పు ఎవరికి ఎక్కువో చిన్నతనంలోనే చెప్పలేమా?

సంఖ్యాశాస్త్రి

చెప్పవచ్చు, కొంతవరకు. దాన్నే బహుజన్యు స్కోరు అంటారు. 2024 విశ్లేషణలో అత్యధిక స్కోరున్న పదో వంతు మందికీ, అత్యల్ప స్కోరున్న పదో వంతు మందికీ మధ్య సిస్టాలిక్ పీడనంలో సగటు తేడా 16.9 మిల్లీమీటర్లు వచ్చింది. ఇది చిన్న తేడా కాదు. కానీ ఇవి రెండు కొసలు. మధ్యలో ఉండే ఎనభై శాతం మందికి ఆ స్కోరు చెప్పేది తక్కువ, పట్టీ కట్టి నేరుగా కొలిస్తే తెలిసేది ఎక్కువ.

దీనికన్నా పెద్ద ఇబ్బంది వంశమూలాలది. ఈ లక్షల మందిలో అత్యధికులు యూరప్ మూలాలున్నవారు. ఒక స్థానంలో దొరికిన అక్షరం చాలాసార్లు అసలు కారణం కాదు, అసలు కారణానికి పొరుగున ఉండే గుర్తు మాత్రమే. వేరే జనసమూహంలో ఆ గుర్తుకూ, కారణానికీ మధ్య పొత్తు మారిపోవచ్చు. అప్పుడు స్కోరు తప్పుతుంది. 2015లో యూరప్, తూర్పు ఆసియా, దక్షిణాసియా ప్రజల డేటాను కలిపి మూడు లక్షల మందికి పైగా చేసిన అధ్యయనంలో 12 కొత్త స్థానాలు దొరికాయి, వాటి చుట్టూ డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులకూ (అక్షరాలను మార్చకుండా జన్యువు పనిని ప్రభావితం చేసే రసాయన గుర్తులకూ) పాత్ర ఉందని కనిపించింది. అలాంటివి ఇంకా చాలా జరిగితే తప్ప, దక్షిణాసియా వ్యక్తికి ఈ స్కోరు కట్టి భయపెట్టడం గానీ భరోసా ఇవ్వడం గానీ సరికాదని నా అభిప్రాయం.

నెఫ్రాన్

కవల గారి మొదటి ప్రశ్న మిగిలిపోయింది. ఏకరూప కవలల్లో కూడా రక్తపోటు అచ్చం ఒకేలా ఉండదు. బరువు, ఉప్పు, నిద్ర, పనిభారం, ఇవన్నీ తేడా తెస్తాయి. అయితే ముప్పైల్లోనే రావడం, మూడు మందులకు లొంగకపోవడం, ఇవి వింటే నాకు ఇంకొక ఆలోచన వస్తోంది. మీ అక్కగారి రక్తపరీక్షల్లో పొటాషియం ఎంత ఉందో చూసి చెప్పగలరా? మందులు మొదలుపెట్టక ముందటిది ఉంటే మరీ మంచిది.

కవల

అడిగి తెలుసుకున్నాను. బీపీ బయటపడినప్పుడే, ఏ మందూ వాడకముందే 3.1 ఉందట. పొటాషియం సిరప్ ఇచ్చి పంపారట, తరువాత ఎవరూ పట్టించుకోలేదు. నాది 4.3.

నెఫ్రాన్

మూత్రం ఎక్కువ పోయే మాత్రలేవీ వాడకముందే 3.1 అంటే తప్పకుండా ఆరా తీయవలసిన అంకె. చూడకుండా రోగ నిర్ధారణ చేయను, చేయకూడదు. కానీ మూత్రపిండం మీద ఉండే ఎడ్రినల్ గ్రంథిలో చిన్న గడ్డ ఏర్పడి ఆల్డోస్టిరాన్‌ను అతిగా తయారుచేసే జబ్బు ఇలాగే కనిపిస్తుంది. రక్తపోటు ఉన్నవారిలో వందకు ఐదు నుంచి పది మందికి ఆల్డోస్టిరాన్ అతిగా తయారయ్యే సమస్య ఉంటుందని అంచనా. వారిలో చాలామందికి ఎవరూ పరీక్షే చేయరు.

మీ ప్రశ్నకు ఇది ఎలా జవాబవుతుందంటే, 2011లో లిఫ్టన్ బృందం ఇలాంటి గడ్డలను కోసి వాటి డీఎన్ఏ చదివింది. చాలా వాటిలో కేసీఎన్‌జే5 అనే పొటాషియం మార్గపు జన్యువులో మార్పు కనిపించింది. రోగి రక్తంలోని డీఎన్ఏలో అది లేదు. అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, పుట్టిన తరువాత ఎప్పుడో ఆ గ్రంథిలోని ఒకే ఒక్క కణంలో జరిగింది. ఆ మార్పుతో పొటాషియం మాత్రమే వెళ్లవలసిన మార్గంలో సోడియం కూడా జొరబడుతుంది, దాని ప్రభావంతో కణంలోకి కాల్షియం వస్తుంది, కణం హార్మోనును తయారుచేస్తూ పెరుగుతూ పోతుంది. ఈ రకం గడ్డలు స్త్రీలలో ఎక్కువ. డీఎన్ఏ ఒకటే అయిన కవలల్లో ఒకరికే ఇది రావడంలో వింతేమీ లేదు. సందేహి గారు చేయించుకున్న లాలాజల పరీక్ష దీన్ని ఎన్నటికీ పట్టుకోలేదు కూడా.

మీ అక్కగారిని ఎండోక్రైనాలజీ లేదా నెఫ్రాలజీ వైద్యుల దగ్గరికి వెళ్లి ఆల్డోస్టిరాన్, రెనిన్ రెండూ ఒకే రక్త నమూనాలో కొలిపించి, వాటి నిష్పత్తి చూడమని అడగమనండి. పొటాషియం తక్కువగా ఉన్నప్పుడు చేస్తే ఫలితం తప్పుదోవ పట్టించవచ్చు కాబట్టి ముందు దాన్ని సరిచేస్తారు. వాడుతున్న మూడు మందుల పేర్లూ తప్పక చెప్పాలి; స్పైరోనోలాక్టోన్ ఉంటే పరీక్షకు కొన్ని వారాల ముందు దాన్ని మార్చవలసి రావచ్చు. వైద్యుడు చెప్పకుండా తనంతట తాను ఏ మందూ ఆపకూడదు.

కవల

రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటాము. మందుల చీటీతో పాటు ఆ పాత రక్తపరీక్ష కాగితం కూడా పట్టుకెళ్లమని చెప్పాను.